మందుతో పాటు ఓ మాట

డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే ఫీజు కావాలి, వరసలో కూర్చునే ఓపిక కావాలి, ఒక్కోసారి సగం రోజు సెలవూ పెట్టాలి. మందుల షాపుకి అవేవీ అక్కర్లేదు. చెప్పులేసుకుని వీధి చివరిదాకా నడిస్తే చాలు. అందుకే సిగరెట్ తాగే మనిషి డాక్టరుకన్నా ఫార్మసిస్టుకే ఎక్కువసార్లు కనబడతాడు. ఓసారి దగ్గు సిరప్పు కోసం, ఇంకోసారి గ్యాస్ బిళ్లల కోసం, నెల తిరిగేసరికి బీపీ మాత్రల కోసం.

ఆ దగ్గు ఎందుకొస్తోందో ఇద్దరికీ తెలుసు. చొక్కా జేబులోంచి సిగరెట్ పెట్టె తొంగిచూస్తూనే ఉంటుంది. అయినా ఆయన చెప్పడు, ఈయన అడగడు. 'నీకెందుకయ్యా' అంటాడేమోనని మొహమాటం. గిరాకీ పక్కషాపుకి పోతుందేమోనని భయం!

నిజానికి అంత భయం అక్కర్లేదు. 2016-17లో దేశమంతటా జరిపిన పెద్దల పొగాకు సర్వేలో, పొగతాగేవారిలో సగానికి పైగా మానేయాలని ఉందనే చెప్పారు. కావాల్సిందల్లా అడిగే తీరు. 'ఇంకా తాగుతున్నారా?' అంటే పోలీసు ప్రశ్నలా ఉంటుంది. 'మానేద్దామని ఎప్పుడైనా అనిపించిందా అండీ?' అంటే మనిషి ఆగుతాడు. 'రెండుసార్లు మానేశానండీ, వారం కూడా నిలవలేదు' అని తనే మొదలుపెడతాడు.

ఎందుకు నిలవలేదంటే తప్పంతా మనసుది కాదు. పీల్చిన పొగలోని నికోటిన్ క్షణాల్లో మెదడుకు చేరుతుంది. అది అలవాటైన మెదడుకి ఒక్కసారిగా ఆపేస్తే చిరాకు, నిద్ర పట్టకపోవడం, దేనిమీదా ధ్యాస నిలవకపోవడం. మొదటి వారమే గడ్డుకాలం. మూడు నాలుగు వారాలు దాటితే చాలావరకు సర్దుకుంటుంది. ఈ సంగతి ముందే తెలిస్తే, 'నావల్ల కాదు' అనుకునే మనిషి 'ఇంకో పది రోజులు చూద్దాం' అనుకుంటాడు.

ఆ గడ్డుకాలం దాటించేందుకే నికోటిన్ చూయింగ్ గమ్. కొన్నవాళ్లలో చాలామంది దాన్ని మామూలు బబుల్ గమ్‌లా గబగబా నమిలేస్తారు. ఎక్కిళ్లు, గుండెలో మంట వస్తే 'ఇది పడలేదు' అని పారేస్తారు. నెమ్మదిగా నమలాలి. నోట్లో చురుక్కుమనగానే ఆపి బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టుకోవాలి. ఆ చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. ఇలా అరగంట. పావుగంట ముందు నుంచీ కాఫీ, కూల్‌డ్రింకులు తాగకూడదు. నిద్రలేచిన అరగంటలోపే సిగరెట్ వెలిగించేవారికి ఎక్కువ మోతాదు అవసరపడుతుంది. గర్భిణులు, ఈమధ్యే గుండెపోటు వచ్చినవారు డాక్టరు సలహా లేకుండా వాడకూడదు. గమ్ చేతికిస్తూ ఇదంతా చెప్పడానికి పట్టేది రెండు నిమిషాలు.

ఇంకో సంగతి ఫార్మసిస్టే కనిపెట్టగలరు. పొగలోని రసాయనాలు కాలేయాన్ని తొందరపెట్టి కొన్ని మందుల్ని త్వరగా ఖర్చుచేయిస్తాయి. ఆస్తమాకు వాడే థియోఫిలిన్, మానసిక వ్యాధులకు వాడే క్లోజపిన్, ఒలాంజపిన్ అలాంటివే. సిగరెట్ మానగానే ఆ తొందర తగ్గుతుంది. పాత మోతాదే ఎక్కువైపోతుంది! అలాగని మాత్రలు ఆపేయకూడదు, సిగరెట్ మళ్లీ మొదలుపెట్టకూడదు. మానే ముందే డాక్టరుతో ఓ మాట చెబితే మోతాదు సరిచేస్తారు. చీటీలో ఆ మందుల పేర్లు చూసి హెచ్చరించేవారు లేకపోతే, మంచిపని చేసిన మనిషి ఇబ్బంది పడతాడు.

మగవాళ్లనే అడిగితే సరిపోదు. శ్రీకాకుళం వైపు పల్లెల్లో చుట్ట నిప్పుని నోట్లోకి తిప్పి అడ్డపొగ తాగే ఆడవాళ్లున్నారు. అంగిట్లో క్యాన్సర్‌కి దారితీసే అలవాటది. నోటిపూతకి మందు కోసం వచ్చిన పెద్దావిడని 'చుట్ట అలవాటుందా అమ్మా?' అని అడిగితే చాలు. పుండు మానకపోతే తాత్సారం చేయకుండా ఆస్పత్రికి పంపవచ్చు.

అమెరికాలో మందుల షాపుల్లోనే సిగరెట్లూ అమ్మేవారు. సీవీఎస్ అనే పెద్ద సంస్థ 2014లో తన దుకాణాలన్నిటిలో వాటిని అమ్మడం మానేసింది. రోగం, మందు ఒకే బల్ల మీద ఉండకూడదన్న ఆలోచన అది. మన షాపుల్లో సిగరెట్లు లేకపోయినా, పక్కనే పాన్‌డబ్బా ఉంటుంది. మందు కొన్న చేత్తోనే సిగరెట్టూ కొంటారు. ఆ నాలుగడుగుల మధ్యలో పడాల్సిన మాట ఫార్మసిస్టుదే.

ఒకసారి చెప్పి ఊరుకుంటే లాభం లేదు. ఫలానా రోజున మానేస్తానని తేదీ పెట్టించాలి. సిగరెట్ పెట్టె మీదే అచ్చయి ఉండే 1800-11-2356 నంబరు చూపించాలి. 2016లో మొదలైన ఆ ఉచిత సేవలో తెలుగులోనూ సలహా ఇస్తారు. మళ్లీ బీపీ మాత్రలకి వచ్చినప్పుడు 'ఎన్ని రోజులైందండీ?' అని పలకరించాలి. మధ్యలో ఒకటి కాల్చానంటే కోప్పడకుండా 'రేపటినుంచి మళ్లీ లెక్క మొదలెడదాం' అనాలి.

ఇంట్లోవాళ్లు చెబితే పోరు అనిపిస్తుంది. అదే మాట తెల్లకోటు వేసుకున్న బయటి మనిషి చెబితే చెవికెక్కుతుంది. ఈసారి నాన్నతో కలిసి మందుల షాపుకి వెళ్లే పిల్లలు, ఆయన తరఫున ఆ ప్రశ్న తామే అడిగి చూడొచ్చు.