రోహిణీ కార్తె, రెండు పేపర్లు, ఒక ఇల్లు

2024లో బెజవాడ ఎండలకి ఎన్నికల వేడి తోడైంది. మే 13న పోలింగ్, జూన్ 4న లెక్కింపు. మధ్యలో మూడు వారాలు. మూఢం కావడంతో పెళ్ళిళ్ళు లేవు, భోజనాలు లేవు. వచ్చిన చుట్టాలకీ, ఉన్నవాళ్ళకీ కాలక్షేపం ఆవకాయ, రాజకీయం ఈ రెండే.

పోలింగుకి ముందు హైదరాబాద్ రోడ్డు అచ్చం సంక్రాంతి రద్దీతో నిండిపోయింది. పంతంగి టోల్‌గేటు దగ్గర కార్లు బారులు తీరాయి. మా మరిది పిల్లలతో సహా వచ్చాడు. తెలంగాణలోనూ అదే రోజు లోక్‌సభ పోలింగైనా, తన ఓటు మాత్రం పామర్రు దగ్గర మా ఊళ్ళోనే ఉంచుకున్నాడు. “సొంతూళ్ళో ఓటు పోతే ఊరితో బంధం పోయినట్టే వదినా” అంటాడు. మా అబ్బాయికి అదే తొలి ఓటు. సిరా చుక్క పెట్టించుకుని వచ్చి నానమ్మకి వేలు చూపిస్తే, ఆవిడ కూడా తన వేలు చూపించారు. కొన్ని బూతుల్లో అర్ధరాత్రి దాటేదాకా జనం క్యూలో నిలబడ్డారు. రాష్ట్రం మొత్తం మీద దాదాపు 82 శాతం ఓటేశారు. ఆ ఎండలో అంతమంది కదిలారంటే మన జనానికి ఓటు మీదున్న గౌరవం ఎంతో తెలుస్తుంది.

మా ఇంటికి రెండు పేపర్లొస్తాయి. మావయ్యగారిది ఒకటి, మా వారిది ఇంకొకటి. ఎన్నికల రోజుల్లో ఒక పొద్దున్న రెండూ పక్కపక్కన పరిచి చూశాను. ఊళ్ళో ముందురోజు జరిగిన సభ ఒక్కటే. ఒక పేపర్లో గుంపులు గుంపులుగా జనం, రెండో పేపర్లో ఖాళీ కుర్చీలు. రెండూ నిజమైన ఫోటోలే. ఒకటి నాయకుడు మాట్లాడుతున్నప్పుడు తీసింది, రెండోది సభ మొదలవకముందు తీసింది. ఏ పూట తీశారో రాయకపోవడమే అసలు తప్పు.

అంతకన్నా దగ్గరి ఉదాహరణ మా ఊరి పంటకాలువది. కాలువ బాగుపడిందని ఒక పేపరు, రైతు గొంతు కోశారని ఇంకో పేపరు. మావయ్యగారు తనే వెళ్ళి చూసొచ్చారు. లాకు దగ్గర కొత్త తలుపు బిగించిన మాట నిజం. దిగువన అర మైలు దూరం గుర్రపుడెక్క అల్లుకుని, పూడిక అలాగే ఉన్న మాటా నిజం. ఆ రెండు ముక్కలూ ఒకేచోట రాసి ఉంటే చివరి పొలం రైతుకి ఎంత మేలు! ఎవరిని నిలదీయాలో, ఏ పని కోసం అర్జీ పెట్టాలో తెలిసేది.

పత్రికకి పక్షం ఉండటం మన కృష్ణా జిల్లాకి కొత్త కాదు. 1902లో బందరులో పుట్టిన కృష్ణాపత్రిక స్వరాజ్యం పక్షాన నిలబడింది. ముట్నూరి కృష్ణారావుగారు దాన్ని దాదాపు నాలుగు దశాబ్దాలు అదే దారిలో నడిపారు. పామర్రు పక్కనున్న ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక పెట్టారు. విశాలాంధ్ర, ప్రజాశక్తి బెజవాడ నుంచే ఎర్రజెండా పత్రికలమని చెప్పుకునే వచ్చాయి. కొనేవాడికి తను కొంటున్నదేమిటో తెలుసు. అందులో మోసం లేదు.

తర్వాత కాలం మారింది. పెదపారుపూడి బిడ్డ రామోజీరావుగారు 1974లో విశాఖలో ఈనాడు మొదలుపెట్టారు. జిల్లాకో అనుబంధం తెచ్చి, పల్లెటూరి బోరింగు వార్తకి కూడా అచ్చులో చోటిచ్చారు. 2008లో వైసీపీ నాయకుడు జగన్ కుటుంబం సాక్షి తెచ్చింది. వైసీపీ వాళ్ళు ఈనాడు, ఆంధ్రజ్యోతిని ‘ఎల్లో మీడియా’ అంటారు. తెలుగుదేశం వాళ్ళు సాక్షిని పార్టీ కరపత్రం అంటారు. ఈ తిట్లు నాయకుల నోట పుట్టి మన వంటింట్లోకి వచ్చేశాయి. జూన్ 8న రామోజీరావుగారు పోయినప్పుడు, ఆయన్ని జన్మలో మెచ్చుకోని మా మరిది కూడా కాసేపు మాట్లాడలేదు. తెలుగు పేపరు చదవడం ఆయన పేపరుతోనే నేర్చుకున్నాడు మరి.

చట్టంలో కూడా ఒక చిత్రమైన సందుంది. పోలింగు ముగిసే సమయానికి ముందు 48 గంటలు టీవీల్లో ఎన్నికల ప్రచారం ఉండకూడదు. పత్రికలకి ఆ నిషేధం లేదు. ప్రకటనకి ముందుగా కమిటీ అనుమతి తీసుకుంటే చాలు, పోలింగు రోజు పొద్దున్న కూడా మొదటి పేజీలో వేసుకోవచ్చు. ప్రకటనైతే ప్రకటన అని తెలుస్తుంది. వార్త వేషంలో వచ్చే ప్రకటనని పట్టుకోవలసింది మాత్రం చదివే మనమే.

ఇక జూన్ 1 సాయంత్రం మొదలైంది ఎగ్జిట్ పోల్స్ జాతర. ఆరా సర్వే అసెంబ్లీలో వైసీపీకి 94 నుంచి 104 సీట్లంది. కేకే సర్వే తెలుగుదేశం కూటమికి 161 అంది. మా ఇంట్లో ఎవరికి నచ్చిన ఛానల్ వాళ్ళు పెట్టుకుంటామంటే రిమోట్ కోసం పిల్లలకంటే పెద్దవాళ్ళే ఎక్కువ గొడవపడ్డారు. జూన్ 4న లెక్క తేలింది. కూటమికి 164, వైసీపీకి 11. అంతకు అయిదేళ్ళ కిందట అదే వైసీపీకి 151, తెలుగుదేశానికి 23. జనం ఇంతగా అటు నుంచి ఇటు మారారంటే వాళ్ళు పేపరు చెప్పినట్టు ఓటెయ్యలేదనే అర్థం. తమ బతుకు చూసుకుని వేశారు.

ఫలితాల తర్వాత మనసు నొప్పించిన సంగతి ఇంకొకటి. సాక్షి టీవీ, టీవీ9, ఎన్టీవీ కేబుల్లో రావడం ఆగిందని ఫిర్యాదులొచ్చాయి. 2019 తర్వాత ఏబీఎన్, టీవీ5 విషయంలోనూ ఇదే ఫిర్యాదు. ఏ పక్షానిదైనా సరే, ఎదుటివాడి గొంతు నొక్కడం తప్పే. మనకి గిట్టని ఛానల్ని మార్చేసే హక్కు మన చేతిలో ఉండాలి, ఇంకొకరి చేతిలో కాదు.

బెజవాడ ఎంపీ సీటుకి సొంత అన్నదమ్ములే పోటీపడ్డారు. రెండుసార్లు గెలిచిన కేశినేని నానిగారు వైసీపీ నుంచి, తమ్ముడు చిన్నిగారు తెలుగుదేశం నుంచి. తమ్ముడు గెలిచారు, అన్న రాజకీయాల నుంచి తప్పుకుంటున్నానన్నారు. కడపలో షర్మిలగారు అన్న జగన్ పార్టీకి ఎదురు నిలబడి కాంగ్రెస్ తరఫున పోటీ చేశారు. వాళ్ళకి పదవులున్నాయి, పార్టీలున్నాయి. మనకేమున్నాయని మనలో మనం ముఖాలు చాటేసుకోవడం?

మా ఇంట్లోనూ ఒకరోజు మాట మాట పెరిగింది. మరిది అన్నం తినకుండా లేచాడు. మర్నాడే ఆవకాయ తిరగకలిపే రోజు. మూడోనాడు జాడీలోది పెద్ద పళ్ళెంలోకి వంచి, ఉప్పు సరిచూసి, నూనె పోసి మళ్ళీ కలపాలి. అత్తయ్యగారు ఆ పళ్ళెంలోనే వేడన్నం కలిపి అందరికీ ముద్దలు పెట్టారు. మా వారికీ, మరిదికీ పక్కపక్కనే చెయ్యి చాపక తప్పలేదు. “మీ నాయకుడొచ్చి మీకు ముద్ద పెడతాడట్రా?” అన్నారావిడ. ఆ మాటకి ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఎవరి పేపరు వాళ్ళు చదివాక ఎదుటివాళ్ళది కూడా చదవాలి. మా అబ్బాయి రెండింట్లోనూ ఉన్న వార్తలకి గీత పెడతాడు, ఒకదాంట్లోనే ఉన్నవాటికి సున్న చుడతాడు. వాదించుకోవడం మానలేదు కానీ, ఇప్పుడు కాగితం చూపించి వాదించుకుంటున్నారు.

మీరూ ఒక్క నెల పాటు మీకు గిట్టని పేపరు తెప్పించుకోండి. మీ ఊరి వార్తలో తప్పు కనిపిస్తే సంపాదకుడికి రెండు ముక్కలు రాయండి. పత్రిక సంపాదకీయంలో ఏ పక్షమైనా తీసుకోవచ్చు. వార్త మాత్రం జరిగింది జరిగినట్టు రాయాలి. డబ్బిచ్చి కొనే మనం ఆ మాట గట్టిగా అడగాలి.