ప్రయత్నించవలెను

తెలుగు పాఠం చెప్పుకునేవాడికి రాజ్యాంగంతో పనేమిటని మీరడగవచ్చు. పనుంది. వాక్యానికి ప్రాణం క్రియలో వుంటుందని మేము పిల్లలకు చెబుతాం. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన మన రాజ్యాంగాన్ని నేను ఆ కంటితోనే చదువుతాను. ఆనాడు 395 అధికరణాలతో వెలువడిన ఆ పెద్ద పుస్తకం బలమూ, బలహీనతా కూడా నాకు రెండు క్రియల్లో కనిపిస్తాయి.

మొదటిది 326వ అధికరణంలో వుంది. ఎన్నికలు వయోజనుల వోటుతోనే జరుగుతాయని అది ఖండితంగా చెప్పింది. అంతకుముందు తెల్లవారి ఏలుబడిలో ఆస్తో, చదువో వుంటేనే వోటు. 1951 జనాభా లెక్కల్లో అక్షరాస్యులు నూటికి 18 మందే. స్త్రీలలో నూటికి తొమ్మిదిమందైనా లేరు. అయినా 21 ఏళ్లు నిండినవారందరికీ ఒక్కసారిగా వోటిచ్చేశారు.

మా నాయనమ్మకు వేలిముద్రే సంతకం. 1952లో, తొలి సాధారణ ఎన్నికల్లో, తానూ వోటు వేశానని చెప్పేది. ఆనాడు అభ్యర్థికొక పెట్టె, పెట్టెమీద గుర్తు. గుర్తు చూసుకుని చీటీ లోపల వేయడమే. "మునసబు గారిదీ ఒక చీటీయే, నాదీ ఒక చీటీయే" అనేది. రాజ్యాంగ బలాన్ని ఇంతకన్న క్లుప్తంగా నేను క్లాసులో చెప్పలేను.

రెండో క్రియ 45వ అధికరణంలోది. పద్నాలుగేళ్లు నిండేదాకా పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య, అదీ పదేళ్లలోగా! ఆదేశిక సూత్రాలలో గడువు పెట్టినది ఇదొక్కదానికే. కాని క్రియ చూడండి: "ప్రయత్నించవలెను." పైగా ఈ సూత్రాలను కోర్టులు అమలు చేయించజాలవని 37వ అధికరణం ముందే తలుపు మూసింది. అప్పిచ్చినవాడితో "ప్రయత్నిస్తానండీ" అన్న పెద్దమనిషి ఇంటిచుట్టూ ఎన్నిసార్లు తిరగాలో మనకు తెలియనిదా?

రాసినవారు అమాయకులు కారు. కొత్త రాజ్యానికి డబ్బు కటకట. కోర్టు తీర్పుతో బళ్లు లేవవు. ఈ సూత్రాలను మీరినవారు కోర్టులో కాకపోయినా ఎన్నికలనాడు వోటర్లకు జవాబు చెప్పుకోవలసి వస్తుందని అంబేద్కర్ 1948లో రాజ్యాంగసభలో అన్నారు. అంటే బలహీనతకు బలాన్నే కాపలా పెట్టారన్నమాట. ఆలోచన గొప్పదే. చిక్కల్లా ఒకటే: చదువురాని వోటరుకు, తనకు చదువు బాకీ వున్నదని చెప్పేదెవరు? వోట్లకు వచ్చినవారిని నాయనమ్మ మంచినీళ్ల బావి అడిగిందట. బడి కూడా అడగవచ్చునని ఆమెకు తెలియదు.

1960లో గడువు దాటిపోయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రతివాదిగా నిలిచిన ఉన్నికృష్ణన్ కేసులో, పద్నాలుగేళ్లదాకా చదువు ప్రాథమిక హక్కేనని 1993లో సుప్రీంకోర్టు తేల్చింది. 2002లో 86వ సవరణ ఆ హక్కును 21ఏ అధికరణంగా రాజ్యాంగంలో చేర్చింది. దానికి తగిన చట్టం 2010 ఏప్రిల్ 1న అమలైంది. పదేళ్ల మాటకు అరవై ఏళ్లు! ఆ హక్కైనా ఆరేళ్లనుంచి పద్నాలుగేళ్లదాకానే. అంతకన్న చిన్నవాళ్లకు నేటికీ "ప్రయత్నించవలెనే."

రాజ్యాంగాన్ని పూజించేవారూ, ఈసడించేవారూ నాకు తారసపడుతూనే వుంటారు. ఇద్దరికీ నా మనవి ఒకటే: ఒక్కసారి క్రియలు గమనిస్తూ చదవండి. ఇచ్చామన్నది మనకు ముట్టింది. ప్రయత్నిస్తామన్నది మాత్రం మనం అడిగి రాబట్టుకోవలసిందే.