నిలిపి ఉంచిన కూలి



పదవ తరగతి పరీక్షలు ముగిశాక మా తమిళనాడు తెలుగు పల్లెలలో పేదల గడపలకు ఇద్దరు వస్తుంటారు. ఒకరు, పిల్లను పై చదువుకు పంపమనే ఉపాధ్యాయులు. మరొకరు, నూలు మిల్లుకు ఆడపిల్లలను కుదిర్చే దళారి. చాలా ఏండ్లుగా నేను మొదటి పనిలో ఉన్నాను. దళారి మాటే తరచుగా ఎందుకు నెగ్గుతుందో ఎరుగుదును. నేను చెప్పే ఫలం ఎప్పటికో అందేది. అతడు చూపే మొత్తం మూడేండ్లకు, అదీ పెండ్లి ఖర్చుకు అందేది.

కోయంబత్తూరు, తిరుప్పూరు, ఈరోడు, దిండిగల్లు ప్రాంతాల మిల్లులలో ఈ ఏర్పాటు 2000ల దశకంలో ‘సుమంగళి తిట్టం’ అనే పేరుతో వ్యాపించింది. అమ్మాయి మిల్లు వసతిగృహంలోనే ఉండి మూడేండ్లు పని చేయవలసి వచ్చేది. శిక్షణలో ఉన్నదని చెప్పి నెలనెలా కొద్దిపాటి సొమ్ము ఇచ్చేవారు. మిగిలినది కూడబెట్టి చివర 30,000 నుండి 50,000 రూపాయల వరకు ఇస్తామనేవారు. గడువుకు ముందే విడిచి వచ్చిన వారికి ఆ మొత్తం దక్కకపోవడాన్ని నెదర్లాండ్స్‌కు చెందిన సోమో, ఐ.సి.ఎన్. సంస్థల 2011 నివేదిక నమోదు చేసింది. వరకట్నం 1961 చట్టం నిషేధించినది. దానికే ఈ పథకం మంగళకరమైన పేరు పెట్టింది.

“పస్తులుండటం కన్నా ఆ కూలి మేలు కదా” అని అడిగేవారున్నారు. ఈ ప్రశ్నను తేలికగా త్రోసిపుచ్చరాదు. వానను నమ్ముకొన్న సేద్యంలో పని దొరకని నెలలు మన పల్లెలకు తెలుసు. అయితే ఈ వాదానికి పునాది ఆ అమ్మాయి ఇష్టమే. ఇష్టపడి చేరినదని అనాలంటే, ఇష్టం లేనినాడు చేసిన పనికి కూలి పుచ్చుకొని విడిచిపోగలగాలి. ఆ కూలి యజమాని చేతిలోనే ఉంటే, పిల్ల తాకట్టులో ఉన్నట్లే.

ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో 1982లో సుప్రీంకోర్టు చెప్పినదీ ఇటువంటిదే. పేదరికం వల్ల ఒప్పుకొన్నా సరే, కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ శ్రమే అవుతుందని తీర్పునిచ్చింది.

చేతికందని జీతం మనిషిని ఎంతవరకు లాక్కుపోగలదో బంగ్లాదేశ్ చూసింది. 2013 ఏప్రిల్ 23న ఢాకా సమీపంలోని రానా ప్లాజా భవనానికి పగుళ్లు కనబడ్డాయి. అందులోని బ్యాంకు తన ఉద్యోగులను పంపివేసింది. కుట్టుపనివారిని మాత్రం, రాకపోతే జీతం ఆపుతామని బెదిరించి, మరునాడు లోపలికి పంపారు. భవనం కూలి 1,134 మంది మరణించారు.

కనుక తల్లిదండ్రులారా, పిల్లను పంపక తప్పని పరిస్థితి వస్తే దళారిని మూడు మాటలు అడగండి. పూర్తి కూలి నెలనెలా పిల్ల పేరిట బ్యాంకులో పడుతుందా? మధ్యలో మానుకొంటే చేసినంత పనికీ లెక్క కట్టి ఇస్తారా? ఇవి కాగితం మీద వ్రాసి ఇస్తారా? ఇవ్వనంటే అదే జవాబు.

ఇస్తే, ఆ కాగితం తమిళంలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. మిత్రులారా, దానిని ఆ తల్లికి తెలుగులో చదివి చెప్పవలసినవారం మనమే.