అక్కడ రెండున్నర అంటే... సగం మూడు!

మనకి ‘పావుతక్కువ మూడు’ ఉంది. జర్మన్లకి ‘అరతక్కువ మూడు’ కూడా ఉంది. గడియారంలో రెండున్నర అయితే వాళ్లు ‘హాల్బ్ డ్రై’ అంటారు. మాటకి మాట తెలుగు చేస్తే సగం మూడు. మూడో గంటలో సగం గడిచిందని వాళ్ల లెక్క. ఖమ్మం జిల్లాలోని ఓ చిన్న ఊరి నుంచి 2023 అక్టోబరులో కెమ్నిట్జ్ వెళ్లిన ఇరవై మూడేళ్ల అమ్మాయికి ఈ లెక్క తెలిసేసరికి ఓ సాయంత్రం ఖర్చయిపోయింది. హాస్టల్ తాళాలిచ్చే పెద్దాయన ‘హాల్బ్ డ్రై’కి రమ్మన్నాడు. ఈమె పుస్తకంలో చదివిన జర్మన్‌ని గుర్తుచేసుకుని, మూడు, సగం... అంటే మూడున్నర అనుకుంది. రెండు సూట్‌కేసులు ఈడ్చుకుంటూ పది నిమిషాలు ముందే చేరింది. ఆయన మూడింటికే తాళం వేసుకుని వెళ్లిపోయాడు. ఆ రాత్రి ఓ విజయవాడ సీనియర్ గదిలో, నేలమీద దుప్పటి పరుచుకుని పడుకుంది. మర్నాడు పెద్దాయన తాళాలిస్తూ ఒక్క మాట అనలేదు. గోడమీద గడియారం వైపు మాత్రం ఓసారి చూశాడట.

అంకెలు అక్కడ ఇంకా చాలాచోట్ల తిరగబడే ఉంటాయి. ఇరవై ఒకటిని ‘ఒకటీ ఇరవై’ అంటారు. ఫోన్ నంబరు రాసుకోవాలంటే చెమటలు పడతాయి. అయితే ఒక్క విషయంలో మాత్రం తెలుగువాళ్లకి అక్కడ సుఖం. ఇంగ్లిష్ వచ్చిన ప్రపంచమంతా ‘యూ’ దగ్గర ఆగిపోతే, జర్మన్లకి మనలాగే మీరు, నువ్వు రెండూ ఉన్నాయి. తెలియనివాళ్లని, ఆఫీసుల్లోవాళ్లని, ప్రొఫెసర్‌ని ‘జీ’ అనాలి. స్నేహితుల్ని ‘డూ’ అనొచ్చు. ‘నువ్వు’లోకి ఎప్పుడు దిగాలన్నది పెద్దవాళ్లు చెప్పాలి. క్లాసులో అమెరికన్ కుర్రాడు దీనికోసం తల పట్టుకుంటుంటే ఈ అమ్మాయి నవ్వుకుంది. గౌరవానికి ‘జీ’ అనడం మనవాళ్లకి కొత్తా?

జర్మనీయే ఎందుకు? ఆ ఇంట్లో ఈ ప్రశ్నకి సమాధానం చాలా చిన్నది. డబ్బు. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు చాలావాటిలో ట్యూషన్ ఫీజు ఉండదు. సెమిస్టర్‌కి కొన్ని వందల యూరోలు కడితే సరిపోతుంది. 2022-23 శీతాకాల సెమిస్టర్ నుంచి అక్కడి విదేశీ విద్యార్థుల్లో మనవాళ్లే అందరికన్నా ఎక్కువ కావడానికి ఇదో పెద్ద కారణం. అలాగని ఊరికే రానివ్వరు. ఏడాది తిండికీ అద్దెకీ సరిపడా సొమ్ము ముందే ఓ ఖాతాలో వేసి చూపించాలి. ఆమె వెళ్లినప్పుడు అది 11,208 యూరోలు. (2024 సెప్టెంబరు నుంచి 11,904 చేశారు.) మన లెక్కలో దాదాపు పది లక్షలు. ఆ డబ్బు మనదే అయినా నెలకి ఇంతని మాత్రమే తీసుకోవాలి. కిరాణా కొట్టు నడిపే నాన్న ఆ పది లక్షల కోసం ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టారు. “మన డబ్బు మనకే నెలకింతని లెక్కగట్టి ఇస్తారా? భలేవాళ్లమ్మా!” అని ఆశ్చర్యపోయారు కూడా.

కొట్టు మనిషి కాబట్టి ఆయనకి వెంటనే నచ్చిన జర్మన్ పద్ధతి ఒకటుంది. ప్లాస్టిక్ నీళ్ల సీసా కొంటే పాతిక సెంట్లు అదనంగా కట్టాలి. ఖాళీ సీసా సూపర్ మార్కెట్లోని మెషీన్‌లో వేస్తే చీటీ వస్తుంది. ఆ చీటీ ఇస్తే బిల్లులో పాతిక సెంట్లు తగ్గిస్తారు. “ఓస్, మన కూల్‌డ్రింకు సీసాల డిపాజిట్టేగా! అదంతా మనం ఎప్పుడో చేశాం” అన్నారాయన. నిజమే. మనం మానేసిన చోట వాళ్లు మెషీన్ పెట్టుకున్నారు.

అమ్మకి మాత్రం ఏదీ ఓ పట్టాన మింగుడుపడలేదు. ముఖ్యంగా కిటికీల సంగతి. అక్కడ చలికాలంలో కూడా రోజూ రెండు మూడుసార్లు కిటికీలు బార్లా తెరవాలి. దాన్ని ‘లుఫ్టెన్’ అంటారు. తెరవకపోతే గదిలో తేమ చేరి గోడలకి బూజు పడుతుంది. బూజు పడితే గది ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్లో కోత పడుతుంది. “బయట మంచు కురుస్తుంటే కిటికీలు తెరవడమేంటే? జలుబు చేస్తే ఎవరు చూస్తారు?” అని అమ్మ. వీడియో కాల్‌లో కిటికీ తెరిచి కనిపిస్తే చాలు, మొదట అది మూయించి తర్వాతే మాటలు మొదలుపెట్టేది. డిసెంబరులో ఉదయం ఎనిమిదింటికి గానీ తెల్లారదనీ, సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుందనీ చెబితే, “మరి పొద్దంతా ఏం చేస్తావ్?” అని అడిగింది. పొద్దే లేదమ్మా అనాలనిపించినా ఆ అమ్మాయి అనలేదు.

వంటగది ఐదుగురికి ఒకటి. ఇద్దరు జర్మన్లు, ఓ టర్కీ అమ్మాయి, ఓ వియత్నాం కుర్రాడు, ఈమె. మొదటి వారంలోనే పప్పుకి పోపు పెట్టింది. ఎండుమిరపకాయలు కాస్త మాడాయి. అంతే, పైకప్పుకున్న పొగ అలారం గొల్లుమంది. అందరూ దగ్గుకుంటూ వసారాలోకి వచ్చి నిలబడ్డారు. ఎవరూ విసుక్కోలేదుగానీ, సాయంత్రానికి ఫ్రిజ్ తలుపుమీద చక్కటి చేతిరాతతో ఓ కాగితం వెలిసింది. వంట చేసేటప్పుడు తలుపు మూయాలి, కిటికీ తెరవాలి, రాత్రి పది తర్వాత మిక్సీ వాడకూడదు. మనింట్లో అయితే అత్తగారు మొహంమీదే అనేసి అరగంటలో మర్చిపోయే మాట. అక్కడ కాగితం మీదికెక్కుతుంది, నెలల తరబడి అలాగే ఉంటుంది. ఆ కాగితాన్ని చూసి మొదటి రోజు ఏడ్చింది. నెల తిరిగేసరికి దాని కింద తనే ఓ వాక్యం చేర్చింది... పెరుగు గిన్నెని ఎవరూ కదపొద్దని.

ఆదివారాలు దుకాణాలు మూసేస్తారు. శనివారం సాయంత్రం బియ్యం అయిపోయాయని చూసుకోకపోతే ఆదివారం బ్రెడ్డే గతి. ఆ రోజు గాజు సీసాలు చెత్తడబ్బాలో వేసినా తప్పే, చప్పుడవుతుందని. అలాంటి ఓ ఆదివారం ఊరు చూద్దామని బయల్దేరింది. నడివీధిలో కార్ల్ మార్క్స్ తల! మొండెం లేదు, చేతుల్లేవు, ఉత్త తలే. ఏడు మీటర్ల ఎత్తున్న కంచు తల. దిమ్మెతో కలిపితే పదమూడు మీటర్ల పైచిలుకు. తూర్పు జర్మనీ రోజుల్లో, 1953 నుంచి 1990 దాకా ఆ ఊరి పేరే కార్ల్ మార్క్స్ స్టాట్. 1971లో ఈ తలని నిలబెట్టారు. 1990లో జనం ఓటేసి పాత పేరు తెచ్చుకున్నారుగానీ, తలని మాత్రం ఉంచుకున్నారు. ఫొటో తీసి పంపింది. యవ్వనంలో ఎర్రజెండా మోసిన తాతయ్య ఫోన్‌ని కళ్లకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారట. వెనక గోడమీద ఆయన పిలుపు నాలుగు భాషల్లో చెక్కి ఉందని చెబితే, “తెలుగులో లేదా బిడ్డా?” అని అడిగారు. లేదంటే కాస్త చిన్నబుచ్చుకున్నారు.

ఇవన్నీ సర్దుకున్నాయి. సర్దుకోనిది చదువే.

మన కాలేజీల్లో హాజరు తగ్గితే ఇంటికి ఫోనొస్తుంది. మిడ్ పరీక్షలుంటాయి, ఇంటర్నల్ మార్కులుంటాయి. లాక్కొచ్చి ఒడ్డున పడేసే చేతులు పదుంటాయి. ఆమె చేరిన కోర్సులో అవేవీ లేవు. క్లాసుకి వచ్చావా అని అడిగేవాళ్లు లేరు. సెమిస్టర్ చివర ఒకే పరీక్ష, అదే మొత్తం మార్కు. దానికి పేరు కూడా ఎవరికి వారే నమోదు చేసుకోవాలి. అయ్యవారు పాఠం ముగించగానే పిల్లలంతా చప్పట్లకి బదులు వేళ్ల కణుపులతో బల్లమీద టకటకా కొడతారు. మొదటిరోజు ఏదో గొడవైందనుకుని భయపడింది. తర్వాత ఆమె కూడా కొట్టింది, పాఠం సగమే అర్థమైనా. వారానికి మూడు రోజులు ఓ గోదాములో పెట్టెలు సర్దే పని. రాత్రి షిఫ్టు అయితే నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయి. పొద్దున క్లాసుకి వెళ్లకపోయినా అడిగేవాళ్లు లేరు కదా! స్వేచ్ఛ అంటే ఎవరూ అడగకపోవడం కూడానని మనవాళ్లు పిల్లల్ని విమానం ఎక్కించేటప్పుడు చెప్పరు.

2024 ఫిబ్రవరిలో మొదటి పరీక్షలు. ఫలితాలొచ్చాక నాన్న అడిగారు. “ఒకదాంట్లో ఒకటి పాయింట్ ఏడు, ఇంకోదాంట్లో రెండు పాయింట్ మూడు, కంట్రోల్ ఇంజినీరింగ్‌లో ఐదు” అంది. అవతల కాసేపు నిశ్శబ్దం. ఆయనకి తెలిసింది పదికి ఇన్నని చెప్పే మన లెక్క. “పోన్లే తల్లీ, కొత్త కదా. ఆ ఐదొచ్చింది చూడు, దాన్లో బాగా రాసినట్టున్నావ్. మిగతావి కూడా అట్లా తెచ్చుకో” అన్నారు.

అక్కడ ఒకటి అంటే అందరికన్నా మిన్న. నాలుగు దాకా పాసు. ఐదంటే తప్పినట్టు.

“లెక్క తిరగబడి ఉంటుంది నాన్నా...” అని మొదలుపెట్టింది. ఈలోగా కొట్టుకి ఎవరో వచ్చారు. ఫోన్ పెట్టేశారాయన. మర్నాడు చెబుదామనుకుంది. మర్నాడు షిఫ్టు. ఆ తర్వాత చెప్పడం ఇంకా కష్టమైంది. ఆగస్టులో అదే పరీక్ష మళ్లీ రాస్తే మళ్లీ ఐదే. ఇక మిగిలింది ఒక్క అవకాశం. మన దగ్గరలా సప్లిమెంటరీలు రాసుకుంటూ పోవడం ఆ కోర్సులో కుదరదు. మూడోసారీ తప్పితే పేరు తీసేస్తారు. పైగా అదే కోర్సులో ఆ దేశంలో మరోచోట చేరడానికీ దారి మూసుకుపోతుంది. చదువు పోతే చదువుకోసం ఇచ్చిన నివాస అనుమతీ నిలవదు. ఇక బ్యాంకులో ఇంటి కాగితాలు... వాటి సంగతి తలుచుకుంటే నిద్ర పట్టేది కాదు.

దీపావళికి దీపపు వత్తులు కొనడానికి కొట్టుకొచ్చిన ఓ పెద్దాయన, మాటల్లో జర్మనీలో చదివొచ్చిన తన కొడుకు సంగతి ఎత్తారు. “మావాడికి ఒక్క దాంట్లోనే ఐదొచ్చిందండీ, దానికే రెండు రోజులు అన్నం తినలేదు” అన్నారు. నాన్నకి విషయం అర్థం కావడానికి ఎంతసేపు పట్టిందో తెలీదు. ఆ రాత్రి కొట్టు కట్టేశాక ఫోన్ చేశారు. తిట్టలేదు. ఎందుకు దాచావనీ అడగలేదు.

“ఇంకా ఎన్నిసార్లు రాయనిస్తారు?”

“ఒక్కసారే.”

“దిద్దిన పేపర్ చూశావా?”

చూడలేదు. అక్కడ దిద్దిన పేపర్ చూసుకునే హక్కు ప్రతి విద్యార్థికీ ఉంది. ప్రత్యేకంగా ఓ రోజు పెట్టి, పిలిచి మరీ చూపిస్తారు. డబ్బు కూడా కట్టక్కర్లేదు. కానీ పేపర్ చూపించమనడమంటే అయ్యవారి దిద్దుబాటుని అనుమానించడమేనని ఆమె అనుకుంది. మన దగ్గర రీవాల్యుయేషన్ అంటే అంతేగా మరి! సిగ్గు కూడా అడ్డొచ్చింది.

“ముప్పై ఏళ్లుగా కొట్టు నడుపుతున్నా. లెక్క తేడా వస్తే చిట్టా ముందేసుకుని కూర్చుంటాం గానీ, మళ్లీ మొదట్నుంచీ కూడుతూ పోతామా? చిట్టా చూడకుండా తేడా ఎట్లా తేలుద్ది?” అన్నారు నాన్న.

గడువు దాటినా మెయిల్ రాస్తే, దిద్దిన అసిస్టెంట్ రమ్మన్నాడు. ఈసారి గంట కూడా సరిగానే చూసుకుంది. రెండు పేపర్లూ బల్లమీద పెట్టాడు. ఎర్రసిరాతో ఒకే మాట నాలుగైదు చోట్ల ఉంది. ‘బెగ్రుండుంగ్?’ కారణమేంటి అని. సమాధానాలు చాలావరకు సరైనవే. పాత ప్రశ్నపత్రాల్ని వరసగా బట్టీ పట్టింది కదా, చివరి వాక్యం గబుక్కున రాసేసింది. అక్కడికి ఎలా వచ్చిందో రాయలేదు. ప్రశ్న కాస్త మారినచోట పాత సమాధానమే రాసింది. “నీకు తెలుసో లేదో నాకెలా తెలుస్తుంది?” అని అడిగాడా అసిస్టెంట్, చాలా మామూలుగా. బడిలో చేరినప్పటి నుంచీ ఎవరూ ఆమెని ఆ ప్రశ్న అడగలేదు. జవాబు సరిగ్గా వస్తే తెలిసినట్టే కదా మనకి.

రాత్రి షిఫ్టులు మానేసింది. చేతిలో డబ్బులు తగ్గి, జనవరంతా పప్పు, ఊరగాయలతో గడిపింది. గోంగూర పచ్చడి అడుగంటింది. వియత్నాం కుర్రాడిది కూడా అదే సబ్జెక్టు. రోజూ వంటగదిలో అతనికి ఒక లెక్క చెప్పేది. ప్రతి మెట్టు దగ్గరా అతను ‘ఎందుకు?’ అనాలి, అదీ ఒప్పందం. బదులుగా పప్పన్నం. అలారం మోగకుండా పోపు పెట్టడం అప్పటికి వచ్చేసింది.

2025 ఫిబ్రవరిలో మూడోసారి రాసింది. మార్చి రెండో వారంలో ఫలితం వచ్చింది. అప్పుడు ఊళ్లో సాయంత్రం, కొట్టు నిండా జనం.

“మూడు నాన్నా.”

“మూడంటే... ఇటా, అటా?”

“ఇటే.”

ఆయన గొంతు సవరించుకోవడం వినిపించింది. వెనక ఎవరో అరకిలో పంచదార అడుగుతున్నారు. “సరే తల్లీ, మనుషులున్నారు. రాత్రికి చేస్తా. మీకూ మాకూ నాలుగున్నర గంటలేగా తేడా?”

“ఇప్పటికి అంతే. నెలాఖరు ఆదివారం ఇక్కడ గడియారాలు గంట ముందుకి జరుపుతారు. అప్పట్నుంచి మూడున్నరే.”

“మళ్లీ మార్చారా? మీ అమ్మకి నువ్వే చెప్పుకో” అన్నారాయన.