అంకెలన్నీ సంఖ్యలు కావు

ఆఫీసు సాఫ్ట్‌వేర్ చిట్కాలంటే మన దగ్గర షార్ట్‌కట్‌లే. కంట్రోల్ సి, కంట్రోల్ వి దాటి నాలుగు కొత్తవి తెలిస్తే చాలు, ఆఫీసులో అందరూ ఆ కుర్చీ చుట్టూనే మూగుతారు. వాటిని తీసిపారేయడం లేదు. పూర్తి పేర్ల పక్క గడిలో మొదటి ఇంటిపేరు టైపు చేసి, కింది గడిలో కంట్రోల్ ఇ నొక్కితే మిగతా ఇంటిపేర్లను ఎక్సెల్ తానే విడదీసి నింపుతుంది. 2013 వెర్షన్ నుంచి ఉన్న సదుపాయమిది. కంట్రోల్‌తో సెమీకోలన్ నొక్కితే ఆనాటి తేదీ పడుతుంది. ఆల్ట్‌తో ఈక్వల్స్ గుర్తు నొక్కితే పైనున్న అంకెల మొత్తం వస్తుంది. రోజుకో పావుగంట మిగిలితే సంతోషమే. కానీ ఎక్సెల్ మనకు చెప్పకుండా చేసే మార్పులను ఆపే చిట్కాలు చెప్పేవారు తక్కువ. నాకు మాత్రం అవే ముఖ్యమనిపిస్తాయి.

మిత్రులు కొందరు కలసి ఓ చిన్న ట్రస్టు నడుపుతున్నారు. ఏటా పేద విద్యార్థులకు తలా రూ.12,000 ఇస్తారు. ఓ ఏడాది ఆ జాబితాలో ఒకే కాలేజీ అమ్మాయిలు ఏడుగురున్నారు. కాలేజీలో బ్యాంకు వాళ్లు శిబిరం పెట్టిన రోజున వరసలో నిల్చుని ఖాతాలు తెరిచారు. 16 అంకెల నంబర్లు. మొదటి 15 అంకెలు అందరికీ ఒకటే, చివరి అంకె మాత్రం సున్నా నుంచి ఆరు దాకా. లెక్కలు చూసే కుర్రాడు కీబోర్డు మీద చేయి తిరిగినవాడు. నంబర్లు కొట్టగానే గడిలో దశాంశ బిందువుతో, చివర 'ఇ ప్లస్ 15'తో వింత అంకె ఒకటి కనిపించింది. వెంటనే ఫార్మాట్‌ను 'నంబర్'గా మార్చాడు. 16 అంకెలూ కనిపించాయి. పని అయిందనుకున్నాడు.

నిజానికి అప్పటికే కథ ముగిసింది. ఎక్సెల్ ఏ సంఖ్యలోనైనా 15 అంకెల వరకే గుర్తుంచుకుంటుంది. 16వ అంకె నుంచి సున్నాలు పెట్టేస్తుంది. హెచ్చరిక ఉండదు, గడి ఎర్రబడదు. ఆ రకంగా ఏడు ఖాతాలూ ఒకే ఖాతా అయ్యాయి. పక్క గడుల్లో పేర్లు సరిగ్గానే ఉన్నాయి కదా అనకండి. ఖాతా నంబరు ఒక్కదాని ఆధారంగానే బ్యాంకులు సొమ్ము జమ చేయొచ్చని రిజర్వు బ్యాంకు 2010లోనే చెప్పింది. మొత్తం రూ.84,000 సున్నాతో ముగిసే నంబరున్న అమ్మాయి ఖాతాలో పడింది.

ఆమె తల్లి పాస్‌బుక్ పట్టుకుని వచ్చిన రోజు నేనూ ట్రస్టు ఆఫీసులోనే ఉన్నాను. "అయ్యా, ఇందులో పన్నెండు వేలే మావి. తక్కినవి ఎవరివో వాళ్లకిచ్చేయండి. ఊళ్లో నలుగురూ నాలుగు మాటలు అనకముందే ఇచ్చేయండి" అంది. కూలికి వెళ్లే మనిషి. ఆ రోజు కూలి వదులుకుని వచ్చింది. డబ్బు ఎవరిది వారికి చేరింది. కానీ ఆలోగా పరీక్ష ఫీజు గడువు దాటిపోయింది. ఒక అమ్మాయి ఇంట్లో తల్లి చెవికమ్మలు కుదువపెట్టి జరిమానాతో సహా కట్టారు.

తప్పంతా కుర్రాడిదేనని కమిటీ తేల్చింది. నాకది న్యాయమనిపించలేదు. పెద్దపెద్ద శాస్త్రవేత్తలే ఈ గోతిలో పడ్డారు. మార్చ్1, సెప్ట్1 వంటి పేర్లున్న జన్యువులను ఎక్సెల్ తేదీలుగా మార్చేసేది. ఎక్సెల్ జాబితాలు జతచేసిన జన్యు పరిశోధన పత్రాల్లో దాదాపు అయిదో వంతులో ఇలాంటి పొరపాట్లున్నాయని 2016లో ఒక అధ్యయనం తేల్చింది. చివరికి మారింది ఎక్సెల్ కాదు, జన్యువుల పేర్లు! మార్చ్1ను మార్చ్‌ఎఫ్1 అనాలని నామకరణ సంఘం 2020లో ప్రకటించింది. సాఫ్ట్‌వేర్‌లో ఈ మార్పిడిని ఆపుకొనే వీలు 2023లో గానీ రాలేదు. కొత్త వెర్షన్లలో ఆప్షన్స్‌లోని 'డేటా' విభాగంలో ఉంటుంది. మీ దగ్గరుంటే ఈ రోజే ఆ టిక్కులు తీసేయండి.

లేకపోయినా ఇబ్బంది లేదు. ఖాతా నంబరు, ఫోన్ నంబరు, హాల్‌టికెట్ నంబరు చూడ్డానికి అంకెలే గానీ నిజానికి పేర్లు. వాటిని ఎవరూ కూడరు, భాగించరు. కాబట్టి టైపు చేయకముందే ఆ నిలువు వరస మొత్తాన్ని ఎంచుకుని ఫార్మాట్ 'టెక్స్ట్' అని పెట్టండి. ఒకటి రెండు గడులే అయితే అంకెల ముందు ఒంటి కొటేషన్ గుర్తు పెడితే చాలు. తర్వాత మారిస్తే ప్రయోజనం లేదు. పోయిన అంకె రాదు, పాస్‌బుక్ చూసి మళ్లీ కొట్టాల్సిందే. 12 అంకెల ఆధార్ నంబరు కూడా 'ఇ ప్లస్ 11'గా కనిపించి భయపెడుతుంది గానీ అందులో అంకెలు పోవు. బ్యాంకు పంపే సిఎస్‌వి ఫైళ్లను డబుల్ క్లిక్‌తో తెరవకండి. 'డేటా' మెనూ నుంచి తెచ్చుకుని, నంబర్ల వరసను టెక్స్ట్‌గా ఎంచుకోండి. ఇంకో మెలిక ఉంది. టెక్స్ట్‌గా ఉంచిన పొడవాటి నంబర్లను కూడా కౌంట్‌ఇఫ్ ఫార్ములా సంఖ్యలుగానే పోలుస్తుంది. మొదటి 15 అంకెలు కలిస్తే రెండూ ఒకటే అంటుంది. డూప్లికేట్లు వెతికేటప్పుడు దాన్ని నమ్మొద్దు.

గుర్తుపట్టడానికి తేలికైన ఉపాయముంది. మీరు అలైన్‌మెంట్ మార్చనంత వరకు టెక్స్ట్ గడిలో ఎడమ గోడకు ఆనుకుంటుంది, సంఖ్యలు, తేదీలు కుడి గోడకు. తేదీల వరసలో కొన్ని ఎడమకు, కొన్ని కుడికి ఉన్నాయంటే కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉందని అనుమానించండి. అక్కడ నెల ముందు, రోజు తర్వాత. 25/04/2024 దానికి అర్థంకాక టెక్స్ట్‌గా మిగిలిపోతుంది. 05/04/2024 మాత్రం ఏప్రిల్ 5 బదులు మే 4 అయి, బుద్ధిగా కుడి గోడకు చేరుతుంది. ప్రమాదం ఈ రెండోదే. విండోస్‌లో రీజియన్ సెట్టింగ్‌ను 'ఇంగ్లిష్ (ఇండియా)'గా మార్చి, తర్వాత టైపు చేయండి. పాత తేదీలు వాటంతట అవి దిద్దుకోవు. అన్నట్టు, ఆ మార్పుతో కామాలు కూడా మన దారికొస్తాయి. 1,234,567 కాస్తా 12,34,567 అవుతుంది.