గోరు చెప్పిన లెక్క

"మందు పడ్తలేదు సారూ, ఆపేసినం."

పటాన్‌చెరులో ఈ మాట విన్నప్పుడల్లా నాకు కోపమూ దుఃఖమూ కలిసే వస్తాయి. ఈసారి అన్నది రొమ్ము క్యాన్సర్‌కు కీమో తీసుకుంటున్నామె భర్త. ఆమె కొంగులోంచి చెయ్యి బయటికి తీయడం లేదు. అడిగి చాపించాను. బొటనవేలి గోరు మీద అడ్డంగా మూడు నల్ల చారలు. నాలుక మీద నేరేడుపండ్లు తిన్నట్టు మచ్చలు.

"ఆపి ఎన్నాళ్లయింది?"

"మొన్ననే సారూ."

డోసుకొక చార. గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. చివరి చార వెనక గోరు ఆరు మిల్లీమీటర్లు తేటగా ఉంది. మొన్న కాదు, రెండు నెలలు.

ఈ నలుపు చూసి వాడకట్టు వాళ్లు బాణామతి అన్నారట. అత్తేమో విషం ఎక్కిందన్నదట. డోక్సోరుబిసిన్, అదే ఎర్ర మందు, సైక్లోఫాస్ఫమైడ్ చర్మంలో రంగు తయారుచేసే కణాలను రేపుతాయి, అంతే. కాపెసిటాబిన్ మాత్రలకు అరచేతులు నల్లబడతాయి. ఫ్లోరోయురాసిల్ ఎక్కించిన నరం పొడుగునా పాములాంటి గీత పడుతుంది. నొప్పి లేని నలుపు మందు ఆపాల్సిన జబ్బు కాదు. వైద్యం ముగిశాక నెలల్లో చాలావరకు తగ్గుతుంది. నోట్లో పుండ్లు, జ్వరం, అరచేతులు ఎర్రగా మండి పొట్టు లేవడం, ఇవి వేరు. వీటికి ఆ రోజే ఆసుపత్రికి పరుగెత్తాలి.

అత్త మీద మాత్రం కోపం రాలేదు. ఫ్యాక్టరీల కాలుష్యంతో నక్కవాగు నీళ్ల రంగు మారడం కళ్లారా చూసిన పల్లెలివి. ఆ కాలుష్యం మీద కేసు 1990లోనే సుప్రీంకోర్టుకెక్కింది. ఆ పోరాటంలో ముందు నిలిచిన అల్లాని కిషన్‌రావు గారు ఇక్కడి డాక్టరే. రంగు మారిందంటే విషమేనని ఈ నేల మీద బతుకే నేర్పింది.

తప్పు నాది. రెండో డోసు తర్వాత జ్వరంతో ఆమె నా దగ్గరికే వచ్చింది. నాలుక చాపమన్నాను, రక్తపరీక్ష రాశాను, పెద్దాసుపత్రికి పంపాను. "ఇది నల్లబడుతుందమ్మా, భయపడకు" అని ఒక్క మాట అనలేదు. ఆ మాట దక్కక పోయిన రెండు నెలలను ఇప్పుడు ఏ మందుతో తిరిగి తేవాలి?

ఆ రోజు గంటసేపు కూర్చోబెట్టి మాట్లాడాను. మళ్లీ మొదలుపెట్టారు.

నిన్న వచ్చింది. అడక్కముందే చెయ్యి బల్ల మీద పెట్టింది. గోటి మొదట్లో సన్నగా, కొత్తగా, నాలుగో చార.

"ఇగో సారూ, వచ్చింది."