తృణమా, అన్నమా?

ఒకరిని లెక్కచేయకపోవడాన్ని మనం 'తృణీకరించడం' అంటాం. తృణమంటే గడ్డిపోచ. ముప్పయ్యేళ్ళకు పైగా బడిపిల్లలకు ఈ మాట అర్థం చెప్పినవాణ్ణి కనుక, గడ్డిపోచ కోసం శాస్త్రజ్ఞులు పడిన శ్రమను చదివినప్పుడు ఆశ్చర్యపోయాను.

అమెరికాలోని గోల్ఫ్ మైదానాలలో గుంత చుట్టూ 'క్రీపింగ్ బెంట్‌గ్రాస్' అనే గడ్డిని పెంచుతారు. నేలపై పాకుతూ కణుపు కణుపుకూ వేళ్ళూనే జాతి అది. దానిని సుమారు 3 మిల్లీమీటర్ల ఎత్తున గొరుగుతారు. అంత పొట్టి గడ్డికి శిలీంధ్ర తెగుళ్ళు సులువుగా పడతాయి. నాణెమంత మచ్చలుగా ఎండగొట్టేది 'డాలర్ స్పాట్'. గోధుమవన్నె వలయాలుగా మాడ్చేది 'బ్రౌన్ ప్యాచ్'. వీటికై పదే పదే మందు చల్లవలసిందే.

అట్లాంటిక్ తెల్లరొయ్య సూక్ష్మజీవులను ఎదుర్కొనడానికి 'పెనియిడిన్' అనే చిన్న మాంసకృత్తిని తయారుచేసుకుంటుంది. దక్షిణ కెరొలైనాలోని క్లెమ్సన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఆ జన్యువును ఆగ్రోబాక్టీరియం అనే మట్టి సూక్ష్మజీవి ద్వారా గడ్డి కణాలలోకి చేర్చారు. అలా పెరిగిన మొక్కలు రెండు తెగుళ్ళనూ మామూలు గడ్డికన్నా బాగా తట్టుకొన్నాయని 2011లో ప్రకటించారు.

ఈ సంగతి చెబితే, గోదావరి డెల్టాలో వరి పండించే మా తమ్ముడు నవ్వలేదు. బ్రౌన్ ప్యాచ్‌ను కలిగించే రైజోక్టోనియా సొలాని అనే శిలీంధ్రమే వరిలో పాముపొడ తెగులునూ తెస్తుంది. దానిని పూర్తిగా తట్టుకొనే వరి వంగడం లేదు. ఏటా మందు కొట్టి విసిగిన వాడు, "అన్నయ్యా, బంతులాటకు పనికొచ్చింది అన్నానికి పనికిరాదా?" అన్నాడు.

రొయ్య జన్యువు గడ్డిలో చేరడం నాకేమీ అపచారంగా తోచదు. పరభాషా పదం మన ప్రత్యయం తొడుక్కొని తెలుగైపోవడం లేదూ! నా శంక వేరు. ఓరెగాన్ రాష్ట్రంలో మద్రాస్ అనే ఊరొకటి ఉంది. దాని సమీపంలో 2003లో, కలుపుమందుకు చావని మరొక జన్యుమార్పిడి బెంట్‌గ్రాస్‌ను ప్రయోగాత్మకంగా సాగుచేశారు. దాని పుప్పొడి గాలివాటున 21 కిలోమీటర్ల దూరం వరకు గడ్డిని ఫలింపజేసిందని 2004లో తేలింది. తరువాతి కాలంలో ఆ గడ్డి పంటకాలువల గట్ల మీదా కనిపించింది. గాలికి ఫలించి, ఏళ్ళ తరబడి బ్రతికి, తెగిన ముక్కనుండి కూడా చిగిర్చే మొక్కను వెనక్కి పిలవడం ఎవరి తరం?

వరి సంగతి వేరు. అది చాలావరకు తన పుప్పొడితోనే ఫలిస్తుంది. ఏటా కోతకు వస్తుంది. పొలాలలో అడవి వరి ఉన్నందున జాగ్రత్త అవసరమే కాని, బెంట్‌గ్రాస్‌కున్నంత స్వైరవిహారం దానికి లేదు. అయితే గోల్ఫ్ గడ్డిని ఎవరూ వండుకోరు. అన్నం పసిపిల్లలూ తింటారు. రొయ్య పడనివారు మన ఇళ్ళలోనే ఉన్నారు. ఆ మాంసకృత్తి వారికి హాని చేయదని పరీక్షించి నిరూపించాలి. గడ్డికి పారిపోయే గుణం గురించీ, వరికి తినే నోరు గురించీ ఆలోచించాలి. రెండింటికీ ఒకే తీర్పు చెల్లదు.

నిజానికి రొయ్య దాకా పోనక్కరలేదు. వరిలోని 'చిటినేజ్' జన్యువునే వరిలో అధికంగా పనిచేయించి పాముపొడను తగ్గించిన ప్రయోగం 1995లోనే వెలువడింది. మూడు దశాబ్దాలు గడిచినా అటువంటి విత్తనం మా తమ్ముడి మడికి చేరలేదు. వద్దనుకొంటే ఎందుకు వద్దో రైతుకు తెలియజెప్పాలి. కావాలనుకొంటే పరీక్షలు పూర్తిచేయాలి. ఏదీ చెప్పకుండా ఊరుకోవడమే, నా దృష్టిలో, అన్నం పెట్టేవాణ్ణి తృణీకరించడం.